జట్టు నుంచి నేస్తం దాకా



"నీ స్నేహితులు ఎవరు?" అని ఒక నాలుగేళ్ల పాపను అడగండి. ఎదురుగా ఇసుకలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని చూపిస్తుంది. రేపు అడిగితే ఇంకొకరిని చూపించవచ్చు. ఇదే ప్రశ్న పదిహేనేళ్ల అమ్మాయిని అడగండి. ఆమె కాసేపు ఆలోచిస్తుంది. "స్నేహితులు చాలామంది ఉన్నారు. మనసులో మాట చెప్పుకొనేది మాత్రం ఒక్కరితోనే" అంటుంది. ప్రశ్న ఒకటే. ఇద్దరూ దానికి ఇచ్చుకొన్న అర్థాలు మాత్రం వేరు.

ఆ అర్థం వయసుతో పాటు ఎలా మారుతుందో ఈ పాఠంలో చూద్దాం. ఇది పరీక్ష కోసం చదివి పక్కన పెట్టే విషయం కాదు. మీలో చాలామంది ఇంట్లో పిల్లలను పెంచుతున్నవారు. తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకొంటున్నవారు ఉన్నారు. చిన్న వయసులోనే బడి మానవలసి వచ్చినవారూ ఉన్నారు. పిల్లవాడు "వాడు నాతో జట్టు లేడు" అని ఏడుస్తూ ఇంటికి వచ్చినప్పుడు మనం ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెడతాం. ఆ చెప్పే మాట వాడి వయసుకు తగినదేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

పిల్లలు వాడే మాటలు

తెలుగు పిల్లలు స్నేహాన్ని "జట్టు" అంటారు. "నాతో జట్టుంటావా?" అని అడుగుతారు. కోపం వస్తే "నీతో పచ్చి" అనో, "కటీఫ్" అనో చెప్పి మాట్లాడటం మానేస్తారు. బెంగాలీ పిల్లలకు కూడా ఇలాంటి మాటలే ఉన్నాయి. జట్టు తెంచుకొంటే "ఆడి" అంటారు, కలుపుకొంటే "భాబ్" అంటారు. హిందీ పిల్లలు "కట్టీ" అంటారు. భాష ఏదైనా స్నేహం మొదలుపెట్టడానికీ, తెంచడానికీ పిల్లలు తమకంటూ కొన్ని మాటలు ఏర్పరచుకొన్నారు. పెద్దలు నేర్పిన మాటలు కావివి. ఒక తరం పిల్లల నుంచి తరువాతి తరం పిల్లలు నేర్చుకొంటూ వస్తున్నారు.

ఈ మాటలన్నీ ఒకేచోట వినబడే ఊరు ఒకటుంది. అది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పంతొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడికి వచ్చింది. ఆ తరువాత పెద్ద వర్క్‌షాపు వెలిసింది. హౌరా నుంచి మద్రాసు వైపు పోయే దారిలో ఉండటం వల్ల శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువారు పని కోసం వచ్చి స్థిరపడ్డారు. ఇక్కడి స్టేషనులో 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది. చాలా ఏళ్ల పాటు ప్రపంచంలో అదే అన్నిటికన్నా పొడవైనది. ఊరి పక్కన హిజ్లీలో 1951లో మొదటి ఐ.ఐ.టి. ఏర్పడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. దానికి ముఖ్య కారణం ఖరగ్‌పూర్‌లో ఉన్న తెలుగువారే.

ప్రేమ్ బజార్ ఈ ఊళ్లో ఐ.ఐ.టి. ప్రహరీని ఆనుకొని ఉన్న పేట. ఐ.ఐ.టి. గేట్లలో ఒకదాన్ని ప్రేమ్ బజార్ గేటు అనే పిలుస్తారు. అక్కడ మా చుట్టాల ఇంట్లో నేను కొద్దిరోజులు ఉన్నాను. వాకిట్లో ఎర్రమట్టి నేల. సాయంత్రమైతే చుట్టుపక్కల పిల్లలంతా అక్కడే చేరతారు. ఇంట్లో తెలుగు, పక్కింటి గడపలో బెంగాలీ, ఆటలో హిందీ. ఒకే పిల్లవాడు పది నిమిషాల్లో మూడు భాషలూ మాట్లాడతాడు. ఎవరితో ఏ భాష మాట్లాడాలో వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

రైల్వే ఊరంటే బదిలీల ఊరు. నేను ఉన్న రోజుల్లోనే వీధిలో ఒక రైల్వే కుటుంబానికి చక్రధర్‌పూర్ బదిలీ అయింది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. వారితో ఆడుకొనే నలుగురు పిల్లలు వీధిలో మిగిలిపోయారు. అయిదేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, పదకొండేళ్ల అమ్మాయి, పదహారేళ్ల అబ్బాయి. పెద్దవాళ్లు ఆ నలుగురికీ ఒకే మాట చెప్పారు: "ఊరుకో, కొత్త స్నేహితులు దొరుకుతారులే." ఆ మాటలో ప్రేమ ఉంది. అయితే ఆ నలుగురూ పోగొట్టుకొన్నది ఒకటే వస్తువు కాదు. ఒక్కొక్క వయసు వారిగా చూద్దాం.

మూడు నుంచి ఆరేళ్లు: ఇప్పుడు, ఇక్కడ

ఈ వయసులో స్నేహమంటే కలిసి ఆడుకోవడం. పక్కన ఎవరుంటే వారు స్నేహితులు. బొమ్మ ఉన్నవారు ఇంకా మంచి స్నేహితులు. "వాడు నీకెందుకు ఇష్టం?" అని అడిగితే "వాడి దగ్గర సైకిలుంది" అని జవాబు వస్తుంది. ఇది దురాశ కాదు. స్నేహితుడికి కూడా లోపల ఒక మనసుందనీ, ఆ మనసులో తనకు కనబడని ఆలోచనలుంటాయనీ ఆ పాపకు ఇంకా స్పష్టంగా తెలియదు. కనబడేదే ఆమె చెప్పగలదు. సైకిలు కనబడుతుంది కాబట్టి సైకిలు పేరు చెబుతుంది.

స్విట్జర్లాండు శాస్త్రవేత్త ఝాఁ పియాజే పిల్లల గోళీలాటను శ్రద్ధగా గమనించి 1932లో ఒక పుస్తకం ప్రచురించారు. చిన్నపిల్లలు ఒకేచోట కూర్చొని ఆడుతున్నా నిజానికి ఎవరి ఆట వారిదేనని ఆయన గుర్తించారు. ఆట అయ్యాక ఎవరు గెలిచారంటే అందరూ గెలిచామంటారు. మన వీధుల్లో కూడా ఇది చూడవచ్చు. నలుగురు పిల్లలు ఒకే గుంట చుట్టూ గోళీలు వేస్తారు. ఒకరి లెక్క ఒకరికి పట్టదు. అయినా అందరికీ సంతోషమే.

దీన్ని బట్టి చిన్నపిల్లల స్నేహం ఉత్తిదని అనుకోకూడదు. అమెరికాలో విలియం కోర్సారో అనే సామాజిక శాస్త్రవేత్త నర్సరీ పిల్లల మధ్య నేలమీద కూర్చొని వారి ఆటలు గమనించి, 1985లో పుస్తకం రాశారు. మొదలుపెట్టిన ఆటను మూడో పిల్లవాడు వచ్చి పాడుచేయకుండా కాపాడుకోవడానికే పిల్లలు "మనం ఫ్రెండ్స్ కదా" అని ఒకరికొకరు చెప్పుకొంటారని ఆయన చూపారు. ప్రేమ్ బజార్ వాకిట్లో నేను విన్న "మనం జట్టు కదా! వాడు కాదు కదా!" అన్న మాటకు అర్థం ఇదే. ఆ మాట కొత్తవాడి మీద ద్వేషం కాదు. కష్టపడి కట్టుకొన్న ఇసుక గూడుకు వేసుకొన్న కంచె.

ఇంకొక సంగతి మరీ ముఖ్యమైనది. రెండో ప్రపంచ యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకొని, తెరెజిన్ అనే నాజీ శిబిరంలో పెరిగిన ఆరుగురు పసిపిల్లలను 1945లో ఇంగ్లండుకు తీసుకువచ్చారు. వారి వయసు మూడు, నాలుగేళ్ల మధ్య. అన్నా ఫ్రాయిడ్, సోఫీ డాన్ ఆ పిల్లల గురించి 1951లో వివరంగా రాశారు. ఆ పిల్లలు ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కాదు. అన్నం తినేటప్పుడు తాము తినడం కంటే పక్కవారికి అందించడం మీదే వారి ధ్యాస ఉండేది. వారిని అడిగితే స్నేహమంటే ఏమిటో చెప్పగలిగేవారు కాదు. చేతల్లో మాత్రం దాన్ని చూపించారు. పసివారికి స్నేహం గురించి చెప్పడం రాకపోవడం వేరు, స్నేహం తెలియకపోవడం వేరు.

మన అయిదేళ్ల పాప ఏం చేసింది? సామాను లారీ ఎక్కిస్తుంటే, తాను ఎక్కి తొక్కే మూడు చక్రాల సైకిలును కూడా ఎక్కించారని ఏడ్చింది. "చూశారా, దానికి సైకిలు మీదే బెంగ" అని అందరూ నవ్వారు. సాయంత్రానికి వేరే పాపతో ఆడుకొంది. మూడో రోజు సాయంత్రం ఆట వేళకు లేచి వెళ్లి, ఆ ఇంటి తాళం వేసిన తలుపు ముందు నిలబడింది. ఏమీ అడగలేదు. కాసేపు నిలబడి వచ్చేసింది. ఆ పాప పోగొట్టుకొన్నది ఒక వేళను, ఒక చోటును, ఆ వేళకు ఆ చోట ఉండే మనిషిని. ఆ మూడూ ఆమె మనసులో ఇంకా విడివడలేదు.

ఆరు నుంచి తొమ్మిదేళ్లు: నాకు చేసి పెట్టేవాడు

బడికి వెళ్లే వయసులో పిల్లలకు ఎదుటివారికి కూడా ఇష్టాయిష్టాలు ఉంటాయని తెలుస్తుంది. అయితే మొదట్లో తూకం తమవైపే మొగ్గుతుంది. స్నేహితుడంటే తనకు కావలసింది చేసేవాడు. పెన్సిలు ఇచ్చేవాడు, బెంచీ మీద చోటు ఉంచేవాడు, కొట్లాటలో తన పక్షాన నిలబడేవాడు. కొద్దికాలం తరువాత "నేను ఇచ్చాను కాబట్టి నువ్వూ ఇవ్వాలి" అనే లెక్క వస్తుంది. పచ్చి కొట్టడం, జట్టు కలపడం ఈ వయసులోనే ఎక్కువ. పొద్దున తెగిన జట్టు మధ్యాహ్నం అన్నాల వేళకు కలుస్తుంది.

స్కాట్లండులోనూ కెనడాలోనూ పిల్లల చేత మంచి స్నేహితుల గురించి వ్యాసాలు రాయించి, బ్రయన్ బిగెలో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఫలితాలు ప్రకటించారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు దగ్గరలో ఉండటం, కలిసి ఆడటం, ఆటవస్తువులు ఉండటం గురించి రాశారు. తొమ్మిది, పదేళ్లవారు నియమాలు పాటించడం గురించి రాశారు. నమ్మకం, ఒకరి మనసు ఒకరికి తెలియడం, ఏ మాటైనా చెప్పుకోగలగడం పదకొండేళ్లు దాటిన వారి వ్యాసాల్లో కనిపించాయి. రెండు దేశాల్లోనూ వరుస దాదాపు ఒకే రకంగా ఉంది.

మన ఎనిమిదేళ్ల బాబు అడిగిన మొదటి ప్రశ్న "ఇంక నాకు బౌలింగ్ ఎవరు వేస్తారు?" అని. "నీ ఆట గోలేగానీ వాళ్లు వెళ్లిపోతున్నారని లేదురా నీకు" అని వాడి బామ్మ మందలించింది. నిజానికి వాడు తన వయసు భాషలో దుఃఖాన్నే చెప్పాడు. రోజూ తనకు బంతి వేసే మనిషి, తాను అవుటయితే ఒప్పించే మనిషి, తన ఎడమచేతి వాటం తెలిసిన మనిషి వెళ్లిపోతున్నాడు. "నాకు వాడి లోటు తెలుస్తోంది" అనే వాక్యం వాడికి ఇంకా రాదు. "బౌలింగ్ ఎవరు వేస్తారు?" అన్నదే ఆ వాక్యం.

తొమ్మిది నుంచి పన్నెండేళ్లు: రహస్యం చెప్పుకొనే వయసు

ఇక్కడ ఒక పెద్ద మార్పు వస్తుంది. అమెరికా మనోవైద్యుడు హ్యారీ స్టాక్ సల్లివన్ పాఠాలు ఆయన మరణానంతరం 1953లో పుస్తకంగా వచ్చాయి. సుమారు ఎనిమిదిన్నర, పదేళ్ల మధ్య పిల్లలకు ఒక ప్రాణస్నేహితుడో, స్నేహితురాలో ఏర్పడతారనీ, ఆ వ్యక్తి సంతోషం తన సంతోషమంత ముఖ్యమవడం పిల్లల జీవితంలో అదే మొదటిసారి అనీ ఆయన చెప్పారు. అంతవరకు "నాకేం వస్తుంది?" అని అడిగిన పిల్లవాడు "వాడికేం కావాలి?" అని అడగడం మొదలుపెడతాడు. ఇంట్లో తోడు చాలని పిల్లలకు ఇలాంటి ఒక్క స్నేహం ఎంతో ఊరట ఇస్తుందని కూడా ఆయన అభిప్రాయం.

పిల్లల మనసులో ఈ మార్పును తెలుసుకోవడానికి హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ సెల్మన్ పిల్లలకు ఒక కథ చెప్పి ప్రశ్నలు అడిగేవారు. ఆయన పుస్తకం 1980లో వచ్చింది. కథ ఇలాంటిది: ఒక అమ్మాయి తన పాత స్నేహితురాలితో ఒక రోజు కలుసుకొంటానని మాట ఇచ్చింది. ఇంతలో ఊరికి కొత్తగా వచ్చిన అమ్మాయి అదే సమయానికి మంచి ప్రదర్శన చూడటానికి రమ్మని పిలిచింది. ఇప్పుడామె ఏం చేయాలి?

ఈ కథను మన వీధికి మార్చి మీరు కూడా అడగవచ్చు. అయిదేళ్లవారు "బొమ్మల ఆటకే వెళ్లాలి, అది బాగుంటుంది" అనవచ్చు. ఎనిమిదేళ్లవారు "పాత స్నేహితురాలు తనకు ఏమైనా ఇచ్చి ఉంటే ఆమె దగ్గరికే వెళ్లాలి" అనవచ్చు. పదకొండేళ్లవారు "మాట ఇచ్చింది కదా, వెళ్లకపోతే ఆమె బాధపడుతుంది, తరువాత తనను నమ్మదు" అనవచ్చు. పదహారేళ్లవారు "ఉన్నమాట పాత స్నేహితురాలికి చెప్పాలి. వారిది గట్టి స్నేహమైతే ఆమె అర్థం చేసుకొంటుంది" అనవచ్చు. ఈ జవాబుల్లో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని లేదు. ఒక్కొక్కరికి ఎంత దూరం కనబడుతుందో అంత దూరం చూసి చెబుతున్నారు.

సెల్మన్ వేసిన మెట్లలో వయసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మొదటి మెట్టు మూడు నుంచి ఏడేళ్లు, రెండోది నాలుగు నుంచి తొమ్మిది, మూడోది ఆరు నుంచి పన్నెండు, నాలుగోది తొమ్మిది నుంచి పదిహేను. పన్నెండు దాటినవారిలో అయిదో మెట్టు కనబడవచ్చు. అంటే ఒకే ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒక విషయంలో పసివాడిలా, ఇంకొక విషయంలో పెద్దవాడిలా మాట్లాడవచ్చు. ఈ పాఠంలో నేను ఇచ్చిన వయసులను కూడా అలాగే తీసుకోండి. ఇవి పుట్టినరోజు నాడు మారే తరగతులు కావు.

మన పదకొండేళ్ల అమ్మాయి బదిలీ వార్త విన్నాక ఇద్దరు, ముగ్గురితో తప్ప మాట్లాడలేదు. "కొత్త స్నేహితులు దొరుకుతారులే" అన్న మాటకు ఆమెకు కోపం వచ్చింది. రాత్రి అన్నాల దగ్గర మెల్లగా తల్లిని అడిగింది: "అమ్మా, నేను తనకు చెప్పినవన్నీ అక్కడ కొత్తవాళ్లకు చెప్పేస్తుందా?" తల్లి నవ్వేయలేదు. "నువ్వయితే చెప్తావా?" అని అడిగింది. "చెప్పను." "మరి అదీ చెప్పదు." ఆ అమ్మాయి ముఖం కొంచెం తేటపడింది. ఈ వయసులో స్నేహితురాలు వెళ్లిపోతే ఆటతోడు మాత్రమే పోదు. తన గురించి తెలిసిన ఒక సాక్షి పోతుంది. తన స్థానంలోకి ఇంకొకరు వస్తారన్న భయం కూడా ఉంటుంది. అందుకే "కొత్తవాళ్లు దొరుకుతారు" అన్న మాట ఓదార్పుగా కాక, భయపడుతున్నదే జరుగుతుందన్నట్టు వినబడుతుంది.

పన్నెండు దాటాక: దూరంగా ఉన్నా ఉండేది

కౌమారంలో మరో సంగతి తెలిసివస్తుంది. నా స్నేహితుడికి నేను కాక వేరే స్నేహితులు ఉండవచ్చు. అతనికి తన దారి, నాకు నా దారి ఉండవచ్చు. అయినా స్నేహం పోదు. పదకొండేళ్ల పిల్లలు "నువ్వు నాతోనే ఉండాలి" అంటారు. వయసు పెరిగిన కొద్దీ "నువ్వు ఎక్కడున్నా సరే" అనగలుగుతారు. ఒకరిమీద ఒకరు ఆధారపడుతూనే ఒకరినొకరు వదిలిపెట్టడం నేర్చుకొంటారు. ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠం. చాలామంది పెద్దలు కూడా దీన్ని పూర్తిగా నేర్చుకోరు.

పదహారేళ్ల అబ్బాయి సామాను మోశాడు, లారీ మీద తాళ్లు బిగించాడు, నవ్వుతూ స్నేహితుణ్ని సాగనంపాడు. "వీడికేం పట్టదు" అన్నారు ఇంట్లోవాళ్లు. ఆ సాయంత్రం ఒంటరిగా సైకిలు వేసుకొని చాలాసేపు తిరిగి వచ్చాడు. నేను ఏమీ అడగలేదు. వాడే చెప్పాడు: "ఫోనుంది కదండీ, మాట్లాడుకుంటాం. అక్కడ వాడికి మంచి కాలేజీ దొరికితే బాగుంటాది. కానీ సాయంత్రాలు ఉన్నాయి చూడండి, అవే కష్టం." స్నేహితుడి మేలు ఒకవైపు, తన లోటు ఒకవైపు. రెంటినీ ఒకేసారి పట్టుకోగలగడమే ఈ వయసులో వచ్చే ఎదుగుదల. పైకి కనబడని దుఃఖం లేని దుఃఖం కాదు.

పాత కథలో ఒక ఉదాహరణ

మహాభారతంలో ద్రోణుడు, ద్రుపదుడు చిన్నప్పుడు ఒకే ఆశ్రమంలో చదువుకొన్నారు. పెద్దయ్యాక పేదరికంలో ఉన్న ద్రోణుడు పాత స్నేహాన్ని గుర్తుచేస్తూ రాజైన ద్రుపదుడి సభకు వెళ్లాడు. రాజుకూ పేదవాడికీ స్నేహమేమిటని ద్రుపదుడు అవమానించాడు. ఆ అవమానం నుంచే పెద్ద వైరం పుట్టింది. భాగవతంలోని కుచేలుడూ అలాగే చిన్ననాటి స్నేహితుడి దగ్గరికి వెళ్లాడు. కృష్ణుడు ఎదురొచ్చి కౌగిలించుకొన్నాడు. రెండు కథల్లోనూ మొదలు ఒకటే, కలిసి చదువుకొన్న బాల్యం. తేడా ఎక్కడుంది? ద్రుపదుడి స్నేహం సమానుల మధ్య లెక్క దగ్గరే ఆగిపోయింది. కృష్ణుడి స్నేహం ఆ లెక్కను దాటింది. వయసు పెరిగినంత మాత్రాన స్నేహం గురించిన తెలివి పెరుగుతుందన్న హామీ లేదని ఈ కథల వల్ల తెలుస్తుంది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో "నేస్తరికం" అనే మాట ఉంది. నేస్తం కట్టుకొన్నవారు ఒకరి ఇంటి మంచిచెడ్డలకు ఒకరు చుట్టాల వలె నిలబడతారు. జట్టు అన్న పిల్లల మాట నుంచి నేస్తరికం అన్న పెద్దల మాట దాకా చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని పిల్లలు మెట్టు మెట్టుగా నడవాలి. మనం ఎత్తుకొని దాటించలేం.

అయితే మనం ఏం చేయాలి?

అయిదేళ్ల పాపకు "రేపు వస్తారులే" అని అబద్ధం చెప్పకండి. రేపు వచ్చి తలుపు ముందు నిలబడుతుంది. "వాళ్లు వేరే ఊరు వెళ్లారు, ఆ ఇంట్లో ఇప్పుడు లేరు" అని నిజం చెప్పి, ఆ ఆట వేళకు తోడుగా కూర్చోండి. ఆమెకు కావలసింది ఆ వేళ నిండటం.

ఎనిమిదేళ్ల బాబును స్వార్థపరుడని మందలించకండి. బంతి వేసే మనిషిని వెతకడంలో సాయం చేయండి. కొట్లాట వచ్చినప్పుడు తీర్పు చెప్పే ముందు "నువ్వు అలా అంటే వాడికి ఎలా ఉండి ఉంటుంది?" అని ఒక్క ప్రశ్న వేయండి. తరువాతి మెట్టుకు దారి ఆ ప్రశ్నలోనే ఉంది.

పదకొండేళ్ల అమ్మాయి రహస్యాలను తవ్వకండి, నలుగురిలో ఎగతాళి చేయకండి. ఉత్తరమో ఫోనో, మాట కలుపుకొనే వీలు కల్పించండి. కొత్త స్నేహం వస్తే పాతది పోదని ఆమెకు నెమ్మదిగా తెలుస్తుంది.

పదహారేళ్ల అబ్బాయి మౌనాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. పక్కన ఉండండి. వాడే మాట్లాడతాడు.

ఇక్కడ ఒక మాట మరవకూడదు. స్నేహం మీద ఈ తెలివి పెరగాలంటే పిల్లలకు తమ వయసువారితో గడిపే సమయం ఉండాలి. కొట్లాడటానికి, పచ్చి కొట్టడానికి, మళ్లీ కలవడానికి సమయం ఉండాలి. పనికి వెళ్లే పిల్లలకు, రోజంతా చెల్లెలిని ఎత్తుకొని ఇంటిదగ్గర ఉండిపోయే అమ్మాయిలకు ఆ సమయం దొరకదు. బడి మానిన పిల్లల నష్టాన్ని మనం చదువు లెక్కలోనే చూస్తాం. ఈ నష్టం ఏ రిజిస్టరులోనూ కనబడదు.

మీలో కొందరి అనుభవం కూడా ఇదే కావచ్చు. అయితే స్నేహానికి చివరి తరగతి లేదు. "ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అంటుంది మన సామెత. అధ్యయన కేంద్రంలో జరిగే తరగతులకు వచ్చినప్పుడు మీ పక్కన కూర్చున్నవారు మీలాగే పని ముగించుకొని, బస్సు పట్టుకొని వచ్చినవారు. వారి వయసు, భాష, వృత్తి మీవి కాకపోవచ్చు. ఇద్దరు, ముగ్గురు కలిసి వారానికి ఒకసారి పాఠం చదువుకోండి. ఒకరు రాలేనప్పుడు మరొకరు నోట్సు రాసిపెట్టండి. మొదట అది ఇచ్చిపుచ్చుకొనే లెక్కగానే ఉంటుంది. అది అక్కడే ఆగనక్కరలేదు.

ఆలోచించండి, రాయండి

1. మీ వీధిలోని పిల్లలు జట్టు తెంచుకోవడానికీ కలుపుకోవడానికీ ఏ మాటలు వాడతారు? మీ చిన్నతనంలో ఏ మాటలు వాడేవారు? రెండు జాబితాలు రాసి పోల్చండి.

2. పాత స్నేహితురాలు, కొత్త స్నేహితురాలి కథను మీకు తెలిసిన వేర్వేరు వయసుల పిల్లలు ముగ్గురికి చెప్పండి. వారి జవాబులను వారి మాటల్లోనే రాసుకోండి. ఏది తప్పు, ఏది ఒప్పు అని వారికి చెప్పకండి.

3. "ఇంక నాకు బౌలింగ్ ఎవరు వేస్తారు?" అన్న బాబుకు మీరైతే ఏమని జవాబు చెబుతారు? అయిదు వాక్యాల్లో రాయండి.

4. పదేళ్ల వయసులో మీకున్న ఒక స్నేహం గురించి ఒక పేజీ రాయండి. అప్పుడు మీరు స్నేహమని దేనిని అనుకొన్నారు? ఇప్పుడు దేనిని అనుకొంటున్నారు?